లారీల కాటా దగ్గర విహారబండి ఆగవలెనా?

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టులో సాయంకాలపువేళ నిలబడి చూచినవారికి ఒక సంగతి స్పష్టముగా కనిపిస్తుంది. త్రాసుముందు మన గృహస్థులందరూ న్యాయాధిపతులే. దొండకాయలు తూచేటప్పుడు ముల్లు ఏ వైపు మొగ్గినది, రాయి సరియైనదేనా, పళ్లెము క్రింద ఏమైనా అంటుకొని ఉన్నదా అని పరిశీలించనిదే సంచి ముందుకు చాపరు. ఏబది గ్రాముల తేడా వచ్చినా ఊరుకొనరు. కాని ఆ గృహస్థుడే వేసవి సెలవులలో కుటుంబసమేతముగా యాత్రకు బయలుదేరినప్పుడు, తాను ఎక్కిన బండి ఎంత బరువు మోయగలదో, ఇప్పుడు ఎంత మోస్తున్నదో ఒక్కమాటైనా అడుగడు. ఈ ప్రసంగము ఆ అడుగని ప్రశ్నను గురించి.

కొద్దికాలముగా మన నగరములో ఒక క్రొత్తరకపు వాహనము వాడుకలోకి వస్తున్నది. అందులో పడకలుంటవి, చిన్న వంటగది ఉంటుంది, నీళ్లతొట్టి ఉంటుంది, స్నానాల గది కూడ ఉంటుంది. దీనినే క్యారవాన్ అంటున్నారు. ఆర్టీసీ క్రాస్ రోడ్సు సినిమాహాళ్ల చుట్టూ పెరిగినవారికి ఈ మాట సినీతారల విశ్రాంతి వాహనముగా పరిచితమే. అంతకు పూర్వము నుంచి కూడ ఈ మాట మనదే. గోల్కొండకు వచ్చే వర్తకుల బిడారులు విడిసినచోటు కనుకనే పాతనగరము ప్రక్కన కార్వాన్ అనే పేట వెలసినది. ఆనాటి బిడారు సరుకు మోసినది; ఈనాటి క్యారవాన్ సంసారాన్ని మోస్తున్నది. ఈ భేదము జ్ఞాపకముంచుకొనవలెను. మన ప్రశ్నకు సమాధానము దాదాపు అంతా ఇందులోనే ఉన్నది.

అశోక్‌నగరులో మాకు తెలిసిన ఒక కుటుంబమువారు గడచిన వేసవిలో ఇటువంటి బండి నొకదానిని అద్దెకు తీసుకొని అన్నవరము ప్రయాణమైనారు. ఇంటిపెద్ద, ఆయన భార్య, అమెరికానుంచి సెలవుమీద వచ్చిన కుమారుడు, కోడలు, ఇద్దరు పిల్లలు, డ్రైవరుతో కలిసి మొత్తము ఏడుగురు. విజయవాడ రహదారిలో ఒక టోల్ గేటును సమీపించగానే, లారీలు వెళ్లే వరుసలో నేలలో అమర్చిన తూనిక పలక, దాని ప్రక్కన బరువు అంకెలు చూపే ఫలకము కనిపించినవి. కుమారునికి అనుమానము కలిగినది.

"నాన్నగారూ, మనది కూడ పెద్దబండే గదా! ఆ కాటామీదికి వెళ్లవలెనేమో. అమెరికాలో ఈ సంగతి తెలియక చాలామంది చిక్కులలో పడుతుంటారు" అన్నాడు.

"మనది సరుకుల బండి కాదురా. దేవుడి దగ్గరికి వెళ్లేవాళ్లకు కాటా ఏమిటి?" అన్నారు పెద్దాయన.

డ్రైవరు మాత్రము, "పసుపుపచ్చ నెంబరుప్లేటు ఉన్నది సార్, అడుగుతారేమో" అని సందేహము వెలిబుచ్చినాడు.

ముగ్గురి మాటలలోను కొంత నిజమున్నది. ఎవరి మాటా పూర్తిగా నిజము కాదు. దీనిని చట్టము వెలుతురులో చూతము.

మన దేశములో రహదారి వాహనాలకు మూలశాసనము 1988 నాటి మోటారు వాహనాల చట్టము. 1939 నాటి పాతచట్టము స్థానములో ఇది 1989 జూలై 1 నుంచి అమలులోకి వచ్చినది. ఇందులో బరువునుగూర్చి రెండు సెక్షన్లు ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి. ఈ రెంటికిగల తేడా తెలిస్తే మన సందేహములో సగము తీరినట్లే.

మొదటిది 113వ సెక్షను. బండి యొక్క ఖాళీ బరువు గాని, మనుష్యులతోను సామానుతోను కలిసిన మొత్తము బరువు గాని రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన పరిమితిని మించరాదని ఇది శాసిస్తున్నది. ఇక్కడ చట్టము వాడిన మాట "ఏ మోటారు వాహనమైనను" అని. లారీ అనలేదు, బస్సు అనలేదు. అందుచేత ఈ నియమము క్యారవానుకు కూడ వర్తిస్తుంది. దేవుడి దగ్గరికి వెళ్లినా, పెండ్లికి వెళ్లినా దీనినుంచి మినహాయింపు లేదు.

రెండవది 114వ సెక్షను. బండిని కాటాకు తీసికొనిపొమ్మని ఆజ్ఞాపించే అధికారము ఇందులో ఉన్నది. పరిమితికి మించిన బరువు ఉన్నదని నమ్మడానికి కారణము కనిపించినప్పుడు, రవాణాశాఖలో అందుకై నియుక్తుడైన అధికారి బండిని తూనికకు పంపవచ్చును. కాటా కూడ ఎక్కడో దూరాన ఉన్నది కాదు. వెళ్లే దారిలో ముందువైపు పది కిలోమీటర్ల లోపల, లేదా గమ్యస్థానానికి ఇరువది కిలోమీటర్ల లోపల ఉన్నదై ఉండవలెను. బరువు మించినట్లు తేలితే, అదనపు బరువును అక్కడనే దింపించి, అంతవరకు బండిని కదలనీయకుండా వ్రాతమూలకముగా ఆజ్ఞ ఇవ్వవచ్చును. కాని ఈ సెక్షనులో చట్టము "ఏ మోటారు వాహనమైనను" అనలేదు. "సరుకుల వాహనము లేక ట్రెయిలరు" అన్నది. తూనికకు పంపే అధికారాన్ని చట్టము ఈ రెండింటికే పరిమితము చేసినది.

కనుక, సంసారముతో సాగిపోయే క్యారవాను, తనంత తానుగా నడిచే బండి అయినప్పుడు, దారిలో కనబడిన ప్రతి లారీల కాటాముందు ఆగవలసిన విధి మన చట్టములో లేదు. పెద్దాయన మాట ఇంతవరకు చెల్లుతుంది.

మరి డ్రైవరు చెప్పిన పసుపుపచ్చ ప్లేటు సంగతి ఏమి? సొంత వాడుక కొరకు ఉంచుకొన్న క్యాంపర్ వ్యానును కేంద్రప్రభుత్వము రవాణాయేతర వాహనాల జాబితాలో చేర్చినది. అద్దెకు తిరిగేది రవాణా వాహనమవుతుంది. దానికి పసుపుపచ్చ ప్లేటు, పర్మిట్టు, ఫిట్‌నెస్ పత్రము కావలెను. అయితే రవాణా వాహనమైనంతమాత్రాన అది సరుకుల వాహనము కాదు. అద్దెకారు కూడ రవాణా వాహనమే. దానిని ఎవరూ కాటా ఎక్కించరు గదా! ప్లేటు రంగు బండి జీవనోపాధిని తెలుపుతుంది గాని అది మోసేదేమిటో తెలుపదు.

అయితే మూడు సందర్భాలలో ఈ వెసులుబాటు నిలువదు. మొదటిది, క్యారవాను తనంత తాను నడువక కారు వెనుక కట్టి లాగే రకము కావడము. అది చట్టదృష్టిలో ట్రెయిలరు. 114వ సెక్షను దానిని పేరుపెట్టి చెప్పినది. లోపల పట్టుపరుపులున్నా, బియ్యపు బస్తాలున్నా తూనిక ఆజ్ఞకు లోబడవలసినదే.

రెండవది, మనుష్యుల బండిలో సరుకు వేయడము. సరుకుల కొరకే నిర్మించినది కాకపోయినా, సరుకుల రవాణాకు వినియోగించినప్పుడు ఆ వాహనము సరుకుల వాహనమే అవుతుందని చట్టములోని నిర్వచనము చెప్పుచున్నది. పడకలు మడిచి బట్టల మూటలో, పుస్తకాల కట్టలో వ్యాపారార్థము నింపితే, ఆ బండి కార్వాన్ పేట కాలపు బిడారు అయిపోయినట్లే.

మూడవది, రహదారిమీద ఆగుమని ఆజ్ఞ కావడము. నిర్బంధ సూచనల ఫలకాలను, రాకపోకలను క్రమపరచే పోలీసు ఉద్యోగి ఆదేశాలను పాటించడము 119వ సెక్షను ప్రకారము ప్రతి డ్రైవరుకు విధి. ఆగడము వేరు, తూగడము వేరు. చేయి ఎత్తినప్పుడు ఆగి, పత్రాలు చూపి, "ఇది సరుకుల వాహనము కాదు" అని మర్యాదగా చెప్పుకొనవలెను. నాకు చట్టము తెలుసునని బండి దూకించుకొని పోవడము తెలివి కాదు. చట్టప్రకారము తూనికకు పంపబడిన బండి ఆగక పోయినా, తూచకముందే సరుకు దింపివేసినా నలుబదివేల రూపాయల జరిమానా ఉన్నది. పరిమితి మించినందుకు ఇరువదివేలు, పైగా అదనపు టన్ను ఒక్కింటికి రెండువేలు. ఇవి 2019 నాటి సవరణచట్టము 194వ సెక్షనులో వ్రాసిన మొత్తాలు.

లారీని ఆపి, క్యారవానును వదలడములో పక్షపాతమున్నదా అని కొందరు అడుగవచ్చును. లేదు, దానికి రోడ్డుశాస్త్రములో ఆధారమున్నది. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రములో, ఒట్టావా అను పట్టణము దగ్గర, పరీక్ష కొరకే రోడ్లు వేసి, రకరకాల బరువుల లారీలను వాటిమీద పగలు రాత్రి త్రిప్పి చూచినారు. ఒక ఇరుసు మోసే బరువు రెట్టింపయితే రోడ్డుకు కలిగే నష్టము రెట్టింపు కాదనీ, దాదాపు పదునారు రెట్లవుతుందనీ తేలినది. అనగా నష్టము బరువు యొక్క నాలుగవ ఘాతమునుబట్టి పెరుగుతుంది.

మన దేశములో నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకు గరిష్ఠపరిమితిని 2018లో 10.2 టన్నులనుంచి 11.5 టన్నులకు పెంచినారు. ఒక క్యారవాను వెనుక ఇరుసుమీద మూడు టన్నులున్నవనుకుందాము. లారీ ఇరుసు బరువు దానికి నాలుగు రెట్లకు కొంచెము తక్కువ; కాని రోడ్డుకు అది చేసే అరుగుదల రెండువందల రెట్లకు మించుతుంది. అందుచేతనే శాసనకర్తల చూపు లారీమీద పడినది. టోల్ గేటు దగ్గర నేలలో అమర్చిన పలక మీదుగా బండి మెల్లగా సాగిపోతుండగానే, ఒక్కొక్క ఇరుసును విడివిడిగా తూచేది కూడ ఇందుకే. రోడ్డుకు తెలిసేది బండి మొత్తము బరువు కాదు. తనను తాకిన ఇరుసు బరువు.

ఇక అమెరికానుంచి వచ్చిన కుమారుని మాట. ఆ దేశములో పెద్ద రహదారుల ప్రక్కన తూనిక కేంద్రాలు స్థిరముగా నెలకొని ఉన్నవి. అంతర్రాష్ట్ర రహదారులమీద లారీకి 80,000 పౌన్లు, అనగా సుమారు 36,300 కిలోలు మొత్తపు పరిమితి. ఒంటి ఇరుసుకు 20,000 పౌన్లు. అయితే కాటా దగ్గర ఎవరు ఆగవలెననునది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రము నిర్ణయించుకొనే విషయము. ఎక్కువ రాష్ట్రాలు వాణిజ్య వాహనాలనే ఉద్దేశించినవి. కొన్ని రాష్ట్రాల నియమాలు బండి ఏ పనిమీద పోతున్నదని చూడక, ఎంత బరువున్నదని చూస్తవి. అక్కడ సొంత విహారబండి అయినా, ఇల్లు మారడానికి అద్దెకు తీసికొన్న సామానుబండి అయినా ఆగవలసి రావచ్చును. పిల్లలను చూడబోయి, వారితోపాటు ఇటువంటి బండిలో నాలుగు రాష్ట్రాలు తిరుగదలచిన నారాయణగూడ పెద్దలకు నా మనవి ఒక్కటే: బయలుదేరకముందే ఏయే రాష్ట్రాలగుండా పోతున్నారో, వాటి నియమాలేమో చూడుమని పిల్లలకు చెప్పండి. దారిలో ఫలకముమీద ఏమి వ్రాసి ఉంటే దానిని శిరసావహించండి.

మన దగ్గర అటువంటి కేంద్రాల వరుస లేదు. పూర్వము రాష్ట్రాల సరిహద్దులలో తనిఖీ కేంద్రాలుండేవి. వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చిన తరువాత వాణిజ్యపన్నుల కేంద్రాలు పోయినవి. తెలంగాణలో రవాణాశాఖ సరిహద్దు కేంద్రాలను కూడ 2025లో ఎత్తివేసినారు. కనుక విహారబండిలో బరువు ఎక్కువైనదని దారిలో మనకు చెప్పేవారెవరూ దాదాపు లేరు. అసలు ప్రమాదము ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. అడిగేవాడు లేనప్పుడు తప్పు లేదని మనము అనుకొంటాము. టైరు అట్లా అనుకొనదు.

ఆ అశోక్‌నగరు బండివంటి దానిని తీసికొని ఒక లెక్క వేసి చూతము. రిజిస్ట్రేషను పత్రములో ఖాళీ బరువు 3,700 కిలోలు, మొత్తము పరిమితి 4,600 కిలోలు అనుకుందాము. అంటే మన చేతిలో ఉన్నది 900 కిలోలు. ఏడుగురు మనుష్యులు, మనిషికి 65 కిలోల చొప్పున 455. నీళ్లతొట్టిలో 150 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో కనుక 150. పెట్టెలు, పక్కబట్టలు మనిషికి ఇరువది కిలోల చొప్పున 140. వంటపాత్రలు, పచ్చడి జాడీలు, మడత కుర్చీలు 30. ఒక బియ్యపు బస్తా 26. మొత్తము 801 కిలోలు. ఇంకా 99 కిలోల వెసులుబాటు ఉన్నది. పోయేటప్పుడు బండి క్షేమమే.

వచ్చేటప్పుడు చూడండి. దారిలో బంధువుల ఊరు తగిలినది. బాబాయిగారు ప్రేమతో పాతిక కిలోల మామిడిపండ్ల బుట్టలు నాలుగు ఎక్కించినారు. పిన్నిగారు, "పట్నములో ఇటువంటి బియ్యము ఎక్కడ దొరుకుతవమ్మా" అని ఆరు బస్తాలు వేయించినారు. నూరు కిలోలు, నూటయేబదియారు కిలోలు కలిసి 256. బండి పరిమితిని 157 కిలోలు దాటినది. ఇది వ్యాపారము కాదు, ఆప్యాయత. కాని ఆప్యాయతకు కూడ బరువున్నది.

నిజముగా ఆ కుటుంబానికి జరిగినది దీనికి భిన్నము కాదు. తిరుగుప్రయాణములో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, సూర్యాపేట దాటిన తరువాత వెనుక కుడివైపు టైరు ప్రేలినది. డ్రైవరు నిదానస్థుడు కావడము, ప్రక్కన మరొక బండి లేకపోవడము వారి అదృష్టము. పై పడకమీద నిద్రపోతున్న చిన్నపిల్ల క్రిందపడి చేయి విరిగినది. తరువాత పెద్దాయన నాతో అన్నమాట ఇది: "కాటా దగ్గర ఆగనక్కరలేదని గెలిచినాను గాని, ఆగి ఉంటే బాగుండేదండీ."

టైరు ప్రేలడానికి కారణము అదృష్టలోపము కాదు. ప్రతి టైరు ప్రక్కగోడమీద అది మోయగల బరువును తెలిపే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. 100 అని ఉంటే 800 కిలోలు, 121 అని ఉంటే 1,450 కిలోలు. బరువు మించినప్పుడు, లేదా గాలి తక్కువైనప్పుడు టైరు గోడలు ప్రతి చుట్టుకు ఎక్కువగా వంగుతవి. ఆ వంపువల్ల వేడి పుడుతుంది. మే నెల రోడ్డు వేడి దానికి తోడవుతుంది. బరువు పెరిగినకొద్దీ బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరము కూడ పెరుగుతుంది. పైగా క్యారవానులో నీళ్లతొట్టి, బీరువా, వంటగది ఒకే ప్రక్కన ఉంటే, మొత్తము బరువు పరిమితిలోపలనే ఉన్నా ఒక టైరు మాత్రము తన వంతుకు మించి మోస్తుంటుంది.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు, ఖరీదైనది కాదు. నగరము శివార్లలోను, బియ్యపు మిల్లుల దగ్గరను, ఇనుపసామాను గోదాముల దగ్గరను జనము ధర్మకాటా అని పిలిచే వేబ్రిడ్జిలు ఉన్నవి. కొద్ది రుసుము చెల్లిస్తే ఎవరి బండినైనా తూచి చీటీ ఇస్తారు. తూనికలు కొలతల శాఖవారు ఏటేటా సరిచూచి ముద్రవేసిన కాటాను ఎన్నుకొనండి. ప్రయాణానికి పూర్తిగా సిద్ధమై, నీళ్లు నింపి, అందరూ ఎక్కిన తరువాత మొత్తము బండిని ఒకసారి తూచండి. పిమ్మట ముందు చక్రాలను మాత్రమే పలకమీద ఉంచి ఒకసారి, వెనుక చక్రాలను మాత్రమే ఉంచి ఒకసారి తూచమనండి. వచ్చిన అంకెలను రిజిస్ట్రేషను పత్రముతోను, టైరుమీది అంకెతోను పోల్చి చూడండి. ఎక్కువైతే నీళ్లతొట్టిని సగము చేయండి. దారిపొడుగునా నీళ్లు దొరుకుతవి. బియ్యపు బస్తాలను లారీ పార్సిలులో పంపించండి. వాటికి పడకలు అవసరములేదు.

సొంత వ్యానును క్యారవానుగా మార్చుకొనేవారికి మరొక హెచ్చరిక. చెక్క బీరువాలు, ఇనుప మంచాలు, పైకప్పుమీద నీళ్లతొట్టి బిగిస్తే ఖాళీ బరువే పత్రములోని అంకెను దాటుతుంది. అప్పుడు గడప దాటకముందే 113వ సెక్షను ఉల్లంఘన జరిగినట్లు. తయారీదారులు నిర్ణయించిన రూపాన్ని ఇష్టము వచ్చినట్లు మార్చరాదని 52వ సెక్షను చెప్పుచున్నది. మార్పుకు ముందే రవాణాశాఖ అనుమతిని గురించి విచారించవలెను.

కాబట్టి ప్రశ్నకు సమాధానము ఇది. విహారబండి సరుకు మోయనంతవరకు, వెనుక కట్టిన ట్రెయిలరు కానంతవరకు, ఆగుమని ఆజ్ఞ లేనంతవరకు, లారీల కాటా దగ్గర ఆగనక్కరలేదు. కాని బరువు పరిమితి అందరిదీ. లారీని తూచడానికి ప్రభుత్వము ఉద్యోగిని నియమించినది. మన బండిని తూచే బాధ్యతను మనకే వదలినది. దొండకాయల దగ్గర మనము చూపే శ్రద్ధలో కొంత, మన పిల్లలు నిద్రించే బండి దగ్గర కూడ చూపితే చాలును.